మొదటి ఎలక్ట్రిక్ గిటార్: మిషిగన్‌లో ఏది కొనాలి, ఎంతలో?

ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి:

అందరికీ నమస్తే. ఖమ్మం నుంచి వచ్చి రెండు నెలలైంది, ఇంకో ఇద్దరితో కలిసి అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకోవాలని ఇంటర్ నుంచీ కోరిక, ఇంట్లో చదువయ్యాక చూద్దాం అన్నారు, ఇప్పుడు జీతం వస్తోంది కాబట్టి కొనేద్దామనుకుంటున్నా. ఇంతవరకూ ఏ వాయిద్యమూ పట్టుకోలేదు. బడ్జెట్ 300 డాలర్లు. ఆన్‌లైన్‌లో గిటారు, శబ్దం పెంచే యాంపు, బ్యాగు, కేబుల్ అన్నీ ఒకే డబ్బాలో 150కే వస్తున్నాయి, తీసుకోవచ్చా? ముందు అకూస్టిక్ (కరెంటు అక్కర్లేని మామూలు గిటార్) నేర్చుకున్నాకే ఎలక్ట్రిక్ అని ఆఫీసులో ఒకరు చెప్పారు, దాంతో ఇంకా టెన్షన్ పట్టుకుంది.

కాంటన్ నుంచి:

తమ్ముడూ, ఆ డబ్బా మాత్రం కొనకు. నేను ఇక్కడికొచ్చిన కొత్తలో సరిగ్గా అలాంటిదే తెప్పించుకున్నా. ఎర్రగా మెరిసిపోతూ చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ తీగలు ఎంత ఎత్తులో ఉన్నాయంటే గట్టిగా నొక్కీ నొక్కీ వేళ్లు మంటలెత్తిపోయేవి, పది నిమిషాలకోసారి శ్రుతి జారిపోయేది, శ్రుతి చేసుకుని వాయించినా పై ఫ్రెట్ల (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు) దగ్గరికి వెళ్లేసరికి అపస్వరమే. తప్పు గిటారుదని నాకు తెలీదు, సంగీతం నాకు రాసిపెట్టిలేదేమో అనుకుని ఎనిమిది నెలలు క్లాజెట్‌లో పడేశా. తర్వాత ఒక ఫ్రెండ్ తన గిటార్ చేతికిస్తే, అవే వేళ్లతో అదే కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మీటడం) శుభ్రంగా పలికింది. అందుకే చెప్తున్నా, బాగా వచ్చినవాడు ఎలాంటి గిటార్‌తోనైనా నెట్టుకొస్తాడు, కొత్తగా నేర్చుకునేవాడికే మంచిది కావాలి, ఎందుకంటే తప్పు తనదో వాయిద్యానిదో తేల్చుకునే చెవి ఇంకా వాడికి రాలేదు.

అకూస్టిక్ సంగతి పట్టించుకోకు. నీకేది వాయించాలనుందో దాంతోనే మొదలుపెట్టు. ఎలక్ట్రిక్ తీగలు సన్నం, వాటిలో అన్నిటికంటే సన్నది ఒక అంగుళంలో వెయ్యికి 9 వంతులో 10 వంతులో ఉంటుంది, మొదటి నెల వేళ్లకి అదే తేలిక.

ఇక ఏది అంటే, వాడినది కొను. 2020లో ఇళ్లల్లో కూర్చుని గిటార్లు కొన్నవాళ్లు చాలామంది, వాటిలో కొన్ని పెద్దగా వాయించకుండానే అమ్మకానికొస్తున్నాయి. నా ఓటు యమహా పసిఫికా 112కి, సెకండ్ హ్యాండ్‌లో 200 అటూ ఇటూగా దొరుకుతుంది. పికప్ అంటే తీగ కదలికని పట్టి యాంప్‌కి పంపేది. బ్రిడ్జ్ (తీగల కింది కొస ఆనే చోటు) దగ్గర రెండు కాయిల్స్ ఉన్న హంబకర్ పికప్, మిగతా రెండూ ఒకే కాయిల్ ఉన్న సింగిల్ కాయిల్, కాబట్టి పల్చటి తేట శబ్దమూ వస్తుంది, రాక్‌కి కావాల్సిన బరువైన శబ్దమూ వస్తుంది. అది దొరక్కపోతే స్క్వైర్ స్ట్రాట్ చూడు, స్క్వైర్ ఫెండర్ అనే గిటార్ కంపెనీ వాళ్లదే. ఎపిఫోన్ లెస్ పాల్ కూడా మంచిదే, అది గిబ్సన్ వాళ్లది. తీగ పొడవు స్ట్రాట్‌లో 25.5 అంగుళాలు, లెస్ పాల్‌లో 24.75, ఆ కాస్త తేడాకే లెస్ పాల్ తీగ మెత్తగా అనిపిస్తుంది. కాకపోతే లెస్ పాల్ భుజానికి బరువు. ఫ్లాయిడ్ రోజ్ అనే, స్ప్రింగుల మీద తేలే బ్రిడ్జ్ ఉన్నది మాత్రం వద్దు, ఒక తీగ శ్రుతి మారిస్తే మిగతా అయిదూ కదులుతాయి, కొత్తవాళ్లకి అది నరకం.

అన్నట్టు గిబ్సన్ పుట్టింది మన మిషిగన్‌లోనే, 1902లో, కలమజూలో. 1984లో అక్కడి ఫ్యాక్టరీ మూసేసి నాష్‌విల్‌కి పోతే, పాత ఉద్యోగులు కొందరు 1985లో అదే భవనంలో హెరిటేజ్ పేరుతో సొంతంగా గిటార్లు చేయడం మొదలుపెట్టారు. నాకు ఆ కథంటే చాలా ఇష్టం.

డబ్బు ఇలా పంచుకో: గిటార్‌కి 200, సెటప్‌కి ఒక 60, 70 పక్కన పెట్టు. సెటప్ అంటే నెక్ (గిటార్ మెడ) వంపు సరిచేసి, తీగల ఎత్తు తగ్గించి, పై ఫ్రెట్లలో కూడా స్వరం నిలిచేలా బ్రిడ్జ్ సర్దడం. మిగిలినదాంట్లో గిటార్‌కి తగిలించుకుని శ్రుతి చూసుకునే క్లిప్ ట్యూనర్, కేబుల్, పిక్కులు. యాంప్ వచ్చే నెల చూసుకోవచ్చు.

నోవై నుంచి:

మా అబ్బాయికి కొన్నప్పుడు నేను నేర్చుకున్నవి రెండు చెప్తాను బాబూ. అపార్ట్‌మెంట్ అంటున్నావు కాబట్టి, గిటార్‌కే గుచ్చుకునే చిన్న హెడ్‌ఫోన్ యాంప్ తీసుకో, వాక్స్ యాంప్లగ్ లాంటిది, రాత్రి పదకొండింటికైనా ఎవరికీ ఇబ్బంది ఉండదు. గోడ ప్లగ్‌కి పెట్టే యాంప్ అయితే ఇక్కడ 120 వోల్టులు, మన దగ్గర 230, ఎప్పుడైనా ఇంటికి పట్టుకెళ్లి అలాగే ప్లగ్ పెడితే కాలిపోతుంది. రెండోది, ఇక్కడి చలికాలం. హీటర్ వేస్తే గాలి ఎండిపోయి నెక్ చెక్క ముడుచుకుంటుంది, ఫ్రెట్ల కొసలు రంపం పళ్లలా బయటికొస్తాయి. గదిలో తేమ 40, 50 శాతం మధ్య ఉంచు, హీటర్ పక్కన గోడకి ఆనించి పెట్టకు.

ఇంకోమాట. నేను వీణ నేర్చుకున్నాను. గమకానికి తీగని పక్కకి లాగడం ఎలక్ట్రిక్ గిటార్ మీద అంత హాయిగా రావడం చూసి ఆశ్చర్యపోయాను. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు కచేరీలు చేసింది ఎలక్ట్రిక్ మాండొలిన్ మీదే కదా. కరెంటు వాయిద్యం మన సంగీతానికి పనికిరాదని ఎవరన్నా అంటే వినకు.

ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి:

చాలా థాంక్స్ అన్నా, అక్కా. లివోనియాలో ఒకరు పసిఫికా 112 అమ్ముతున్నారు, 190 అంటున్నారు. శనివారం చూడ్డానికి వెళ్తున్నా. నాకు వాయించడం రాదు కదా, అక్కడ ఏం చూడాలి?

కాంటన్ నుంచి:

వాయించడం రాకపోయినా చూడొచ్చు. జేబులో రెండు క్వార్టర్లు (25 సెంట్ల నాణేలు) వేసుకెళ్లు. 12వ ఫ్రెట్ మీద, లావు తీగ కింద ఒకటి దూర్చు. క్వార్టర్ మందం 1.75 మిల్లీమీటర్లు, అది సరిగ్గా పడితే ఎత్తు బావున్నట్టే. రెండూ కలిపి దూరిపోతే సెటప్ తప్పదు, ధర తగ్గించమను. తర్వాత నెక్ అంచు వెంట అరచేయి మెల్లగా జారవిడు, ఎక్కడైనా గీరుకుంటే ఫ్రెట్ కొసలు అరగదీయించాలి. ఒక్కో తీగ ఖాళీగా మీటి ట్యూనర్‌లో సరిచేసుకుని, 12వ ఫ్రెట్ దగ్గర నొక్కి మీటు, అదే స్వరం ఒక స్థాయి పైన రావాలి, ట్యూనర్ ముల్లు బాగా పక్కకి పోతే అడుగు. ప్రతి తీగా ప్రతి ఫ్రెట్‌లో ఒక్కసారి నొక్కి మీటు, టైం పట్టినా పర్లేదు, ఎక్కడైనా గరగరమంటే లేదా శబ్దం చచ్చిపోతే గుర్తుపెట్టుకో. యాంప్‌కి పెట్టించి నాబ్‌లు తిప్పు, కేబుల్ గుచ్చినచోట కదిపి చూడు. సింగిల్ కాయిల్ పికప్ కొంచెం గుయ్‌మంటుంది, అది మామూలే. కదిపినప్పుడు శబ్దం పోయి వస్తుంటే జాక్ వదులు, అది చిన్న రిపేరే, దానికీ ఒక పది తగ్గించమను.

శనివారం పదకొండు తర్వాత నాకు ఖాళీ. కాంటన్ నుంచి లివోనియా ఎంత దూరమని, టైం చెప్తే నేనూ వస్తా.