పాత సుప్రాఫోనిక్ డ్రమ్ మెల్లగా వాయిస్తే పలకడం లేదు

చికాగోలో పాత వాద్యాల దుకాణంలో 1960ల నాటి లుడ్విగ్ కంపెనీ సుప్రాఫోనిక్ స్నేర్ డ్రమ్ (అడుగున తీగలు సాగదీసి కట్టిన డ్రమ్) కొన్నాను. 14 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల లోతు, చుట్టూ 10 లగ్గులు (బిగింపు మరలు పట్టే దిమ్మలు). గట్టిగా కొడితే గది దద్దరిల్లుతుంది. కర్ర కొనతో మెల్లగా తాకితే మాత్రం కింది తీగలు పలకవు, ఖాళీ డబ్బా మోతే. రెండు హెడ్‌లూ (పైనా కిందా బిగించే పొరలు) నేనే కొత్తవి వేశాను. లోపం ఎక్కడ ఉంటుంది?

జవాబు 1:
కింద ఏ హెడ్ వేశారు? పైదాని అంత మందం ఉంటే చిన్న దెబ్బకు అది కదలదు, తీగలూ కదలవు. కిందిది బాగా పల్చగా ఉండాలి.

జవాబు 2:
కింది హెడ్ విప్పినప్పుడు డ్రమ్ అంచును కంటి ఎత్తుకు తెచ్చి చూడండి. తీగలు దాటే రెండు చోట్లా కొద్దిగా పల్లంగా ఉంటుంది. అది సొట్ట కాదు, తీగలు హెడ్‌కు అంటుకుని ఉండాలని చేసిన పనితనం. దయచేసి సుత్తితో సరిచేయకండి! క్రోమ్ పూత కింద ఉన్నది అల్యూమినియం, గరుకు పొడితో రుద్దకండి.

అడిగినవారు:
మందపాటిదే వేశాను. పల్చనిది మార్చి, తీగలను పట్టి ఉంచే నాడాను రెండు వైపులా సమంగా లాగి కట్టాను. ఇప్పుడు గోరు తగిలినా తీగలు గలగలమంటున్నాయి. ఇద్దరికీ కృతజ్ఞతలు.