మిషనరీల చరిత్రలో మన ఊళ్ళ ఉపదేశులు, బైబిలు స్త్రీలు ఎక్కడున్నారు?

ప్రశ్న: హనుమకొండ టీచరు

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలో ఉన్నత పాఠశాల పిల్లలకు సాంఘిక శాస్త్రం చెబుతాను. మా అమ్మమ్మ పెళ్ళయిన కొత్తలో, అంటే 1940ల చివర్లో, డోర్నకల్ చుట్టుపక్కల బైబిలు స్త్రీగా పనిలో చేరింది. గార్ల, కురవి వైపు పల్లెలకు కాలినడకన వెళ్ళి, కూలి నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్ళను పొద్దుగూకాక కందిలి చుట్టూ కూర్చోబెట్టుకొని కీర్తనలూ అక్షరాలూ నేర్పేది. ఆమె పోయాక నాకు దక్కినవి రెండే: అట్ట ఊడిన బైబిలు, దారంతో కుట్టుకున్న ఒక నోటు పుస్తకం. ఆ పుస్తకంలో పేజీకొక ఊరి పేరు, దాని కింద ఆడవాళ్ళ పేర్లు ఉన్నాయి. కొన్ని పేర్ల పక్కన పెన్సిలుతో ‘బా’ అనీ, మరికొన్నిటి పక్కన ‘అ’ అనీ రాసి ఉంది. కొన్నిటికి రెండూ ఉన్నాయి.

ఈ వేసవి సెలవుల్లో మిషనరీల చరిత్ర చదవడం మొదలుపెట్టాను. ఏ పుస్తకం తెరిచినా ఫలానా దొరగారు ఫలానా సంవత్సరం ఓడ దిగారన్న మాటతోనే మొదలవుతున్నది. అమ్మమ్మ లాంటివాళ్ళు ‘స్థానిక సహాయకులు’ అన్న రెండు మాటల్లో ముగిసిపోతున్నారు. తక్కిన దేశాల్లో కూడా కథ ఇలాగే నడిచిందా? ఈ మతాన్ని ఊరూరికీ నిజంగా మోసుకుపోయినవాళ్ళు ఎవరు? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: విశ్రాంత అధ్యాపకుడు, వరంగల్

అమ్మా, మీరు అడిగిన ప్రశ్నకు మన తెలుగు నేలమీదే బలమైన జవాబు ఉన్నది. ఒంగోలు ప్రాంతంలో వేలాదిమంది బాప్టిస్టు సంఘంలో చేరడాన్ని అందరూ అమెరికా మిషనరీ జాన్ క్లౌ దొర పేరుతో చెప్పుకుంటారు. ఆయన ఒంగోలులో స్థిరపడింది 1866లో. అదే ఏడు బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య లేకపోతే ఆ కథ అలా నడిచేది కాదని నా నమ్మకం. పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగేవాడు. అంతకుముందే యోగమార్గంలో గురుబోధ పొంది, తానే కొందరికి బోధ చెప్పే స్థితికి వచ్చినవాడు కాబట్టి, కొత్త మతాన్ని ఆయన పరాయి సరుకుగా కాక, తాను చాలాకాలంగా వెతుకుతున్న దేవుడి కబురుగా తీసుకున్నాడు. తోళ్ళ కోసం తిరిగిన దారుల్లోనే, బంధువుల ఇళ్ళలోనే, తన భాషలోనే ఆ కబురు చెప్పాడు. భాష సరిగా పట్టుబడని దొర గుర్రం మీద వచ్చి చెబితే నిలబడి వినేవాళ్ళు ఎందరో, మేనమామ వరసయ్యేవాడు అరుగు మీద కూర్చొని చెబితే వినేవాళ్ళు ఎందరో మీరే ఊహించండి.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. 1876-78 నాటి మహా కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకొని ఆకలిగొన్నవాళ్ళకు పని చూపించాడు. గింజల కోసం మతం మారారన్న మాట రాకూడదని, కరువు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజునే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఈ సంఖ్య అన్ని పుస్తకాల్లోనూ కనబడుతుంది. అయితే ఆ రోజు నీళ్ళలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది దొర కాదు, అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు దిగితే తక్కినవాళ్ళు సేదతీరుతూ, వంతులవారీగా సాయంత్రం దాకా ఆ పని చేశారు. మీ హనుమకొండలో బాప్టిస్టు మిషన్ ఠాణా వెలిసింది సరిగ్గా ఆ మరుసటి సంవత్సరం, 1879లో.

జవాబు: ఫాతిమానగర్, కాజీపేట

అధ్యాపకులవారు చెప్పినదానికి దేశాల అవతలి ఉదాహరణ ఒకటి జోడిస్తాను. కొరియాలో కతోలిక సంఘం మొదలైనప్పుడు ఆ దేశంలో మిషనరీ ఒక్కడూ లేడు. చైనా నుంచి వచ్చిన పుస్తకాలను కొందరు కొరియా పండితులు తమలో తాము చదివి చర్చించుకొని, తమలో ఒకరైన యీ సుంగ్ హున్‌ను పెకింగ్ (నేటి బీజింగ్) పంపితే, ఆయన 1784లో అక్కడ బాప్తిస్మం పొంది, తిరిగి వచ్చి మిత్రులకు తానే బాప్తిస్మం ఇచ్చాడు. మొదటి గురువు (పాదిరి), ఆయన కూడా చైనీయుడే, ఆ దేశంలో అడుగుపెట్టడానికి ఇంకా పదేళ్ళు పట్టింది. శాసనాలంటే ప్రాణం పెట్టే ఓరుగల్లువాళ్ళం గనుక ఇంకొకటి: 635లో అలొపెన్ అనే సన్యాసి పశ్చిమాసియా నుంచి చైనా రాజధాని చాంగాన్‌కు వచ్చిన సంగతి 781లో చెక్కించిన రాతిశాసనం మీద నేటికీ చదువుకోవచ్చు. యూరపు ఓడలు ఆసియాకు దారి కనుక్కోవడానికి ఎనిమిది వందల ఏళ్ళకు పైగా ముందే, అలొపెన్‌ది అయిన తూర్పు సంఘం అనే పశ్చిమాసియా క్రైస్తవ శాఖ అక్కడికి చేరింది.

మా కతోలికుల వరకు వస్తే, వరంగల్ మేత్రాసనం, అంటే ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతం, ఏర్పడింది 1952లో. ఇటలీలోని మిలాన్ నుంచి వచ్చిన గురువుల కష్టం అందులో చాలా ఉన్నది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ గురువుగారు ఏడాదికి రెండుసార్లు వచ్చే ఊళ్ళో ప్రతి ఆదివారం ప్రార్థన నడిపించింది ఉపదేశే. మా తాతగారు ఆ పనే చేశారు.

జవాబు: కరీంనగర్ పాఠకుడు

పైవారి మాటలతో నాకు పేచీ లేదు. అయినా ఒక్క విషయం పక్కకు పోకూడదని రాస్తున్నాను. స్థానికులే మోశారని చెప్పేటప్పుడు, రాజ్యాధికారం ఎక్కడెక్కడ వెనక నిలబడిందో కూడా చెప్పాలి. స్పెయిను వాళ్ళు అమెరికా ఖండాన్ని కత్తితో పట్టుకున్న తరువాత సువార్త కూడా అదే పడవలో దిగింది. అక్కడి ప్రజల మీద జరిగిన ఘోరాలను ఖండించిన లాస్ కాసాస్ కూడా కతోలిక సంఘం గురువే, ఆ ఘోరాలను సమర్థించినవాళ్ళూ ఆ సంఘంవారే. గోవాలో 1560 నుంచి, మతం తప్పారన్నవాళ్ళను శిక్షించే మతవిచారణ న్యాయస్థానం నడిచింది. ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో ఇందుకు తలకిందులైన కథ నడిచింది. వ్యాపారం చెడుతుందన్న భయంతో ఈస్టిండియా కంపెనీయే మిషనరీలను రానివ్వలేదు. 1793లో వచ్చిన విలియం కేరీ చివరకు డెన్మార్కువాళ్ళ చేతిలో ఉన్న సేరంపూర్‌లో తలదాచుకోవలసి వచ్చింది. 1813 నాటి చార్టర్ చట్టం తరువాత గాని తలుపు తెరుచుకోలేదు. కాబట్టి టీచరుగారూ, పిల్లలకు చెప్పేటప్పుడు ఒక్కొక్క దేశాన్ని విడివిడిగా చెప్పండి.

జవాబు: మహబూబాబాద్ నుంచి

వందనాలండి. మీ అమ్మమ్మగారు పనిచేసిన సంఘంలోనే పెరిగినవాణ్ణి గనుక కొంచెం వివరంగా రాస్తాను. డోర్నకల్‌కు తొలి మిషనరీలు లండను నుంచి రాలేదు, తిరునెల్వేలి నుంచి వచ్చారు. అక్కడి తమిళ క్రైస్తవులు 1903లో తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులతో ఒక మిషనరీ సంఘం పెట్టుకొని, నిజాం రాజ్యంలోని ఈ మూలను తమ పొలంగా ఎంచుకున్నారు. ఆ సంఘాన్ని నిలబెట్టినవారిలో ముఖ్యుడు వి.ఎస్. అజరయ్య. అంటే మనకు వచ్చిన మిషనరీ కూడా భాష తెలియక, తెలుగు ఓనమాలు దిద్దుకున్నవాడే, కానీ దొర కాడు.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగితే, సుమారు 1,200 మంది ప్రతినిధుల్లో ఆసియావాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటంత మందే. అక్కడ అజరయ్య లేచి, మీరు మా బీదలకు అన్నం పెట్టారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, ఇక మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. దొరలు భారతీయ బోధకుణ్ణి తమ బల్ల దగ్గర కూర్చోబెట్టుకోని రోజులవి. ఆ మాట సభలో చాలామందికి గుచ్చుకుంది. రెండేళ్ళకు, 1912 డిసెంబరు 29న, కలకత్తాలో ఆయన ఆంగ్లికన్ సంఘానికి, అంటే ఇంగ్లండు సంఘం శాఖకు, తొలి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందారు.

ఆ అభిషేకం ఎంత పెద్ద విషయమో తెలియాలంటే ఆఫ్రికాలో జరిగింది చూడాలి. శామ్యూల్ అజాయి క్రౌథర్ యొరుబా జాతివాడు. చిన్నప్పుడే బానిసల వ్యాపారుల చేతికి చిక్కి, బ్రిటిషు నౌకాదళం విడిపిస్తే సియెర్రా లియోన్‌లో పెరిగి, బైబిలును తన భాషలోకి తెచ్చే పనికి పెద్దదిక్కై, 1864లో తొలి ఆఫ్రికా ఆంగ్లికన్ బిషప్పు అయ్యాడు. ముసలితనంలో ఆయన కింద పనిచేసేవాళ్ళను కుర్ర తెల్ల మిషనరీలు తప్పుపట్టి, తొలగించి, 1890లో ఆయనను అవమానించారు. మరుసటి ఏడే ఆయన కన్నుమూస్తే, ఆ పీఠం మీద యూరపువాణ్ణి కూర్చోబెట్టారు. ఇది చదివిన ప్రతిసారీ నాకు మనసు కలుక్కుమంటుంది. ఆ అనుభవం తరువాత రంగు చర్మం ఉన్న మనిషికి పీఠం ఇవ్వడానికి ఎంతమంది వెనుకాడి ఉంటారో, డోర్నకల్‌లో అజరయ్య ఏ కొంచెం తడబడినా ఎన్ని వేళ్ళు చూపించి ఉండేవో ఆలోచించండి. ఆయన 1945లో చనిపోయేదాకా ఆ పీఠంలోనే ఉన్నారు. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కెథెడ్రల్ మీరు చూసే ఉంటారు. గుమ్మటాలు మసీదును, స్తంభాలు గుడి మండపాన్ని గుర్తుచేస్తాయి.

మీ అమ్మమ్మగారి పనికి దగ్గరి సంగతి ఇంకొకటి ఉంది. బిషప్పుగారి భార్య అన్బు అమ్మగారు పల్లె ఆడవాళ్ళ చదువును, శిక్షణను తన పనిగా పెట్టుకున్నారు. నోటు పుస్తకంలో ‘బా’ అంటే బాప్తిస్మం అయి ఉండాలి. ‘అ’ సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్ళనే అడగండి.

ప్రశ్న అడిగినవారి జవాబు: హనుమకొండ టీచరు

అందరికీ కృతజ్ఞతలు. కరీంనగర్ వారు చెప్పినట్టు దేశాలను విడివిడిగానే చెబుతాను. క్రౌథర్ కథను, కొరియా పండితుల కథను తొమ్మిదో తరగతి పిల్లలకు ఒకే రోజున చెప్పాలనుకుంటున్నాను.

నిన్న ఆదివారం గార్ల వెళ్ళి మా చిన్నమ్మమ్మకు నోటు పుస్తకం చూపించాను. ఆమెకు చూపు ఆనక, పేర్లు నేను చదివితే విన్నది. ‘బా’ అంటే బాప్తిస్మమేనట. ‘అ’ అంటే అక్షరాలు వచ్చినవని గుర్తు, అంటే ఆ మనిషి తనంతట తాను ఒక వాక్యం చదివి వినిపించినప్పుడు అక్క ఆ గుర్తు పెట్టేదని చెప్పింది. ఇంటికి వచ్చి పేజీ పేజీ లెక్కపెట్టాను. ‘బా’ ఉన్న పేర్ల కంటే ‘అ’ ఉన్న పేర్లే ఎక్కువ. బాప్తిస్మం తీసుకోని ఆడవాళ్ళకు కూడా ఆమె కందిలి ముందు చోటు ఇచ్చిందన్నమాట. ఒక పేరు పక్కన మాత్రం ‘అ’ రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి ఉంది. ఆ పేరు చదవగానే చిన్నమ్మమ్మ నవ్వి, అది నేనే, మొదటిసారి పద్యం బట్టీపట్టి చదివినట్టు నటిస్తే అక్క పట్టుకున్నదని చెప్పింది.