ప్రభుత్వ బడి ఉద్యోగుల బేరసారాలకు హద్దు పెట్టాలా? మన దగ్గర అసలు ఉన్నదెంత?

చంద్రగిరి చదువరి:

తిరుపతిలో బీఈడీ విద్యార్థుల చర్చకు ఇచ్చిన అంశం ఇది: "ప్రభుత్వ పాఠశాలల ఉద్యోగుల సామూహిక బేరసారాల హక్కును పరిమితం చేయాలి." అంటే ఉద్యోగులందరి తరఫున సంఘం జీతం, పని షరతుల మీద మాట్లాడి ఒప్పందం చేసుకునే హక్కు. అవునన్న పక్షం అమెరికా రాష్ట్రాలు విస్కాన్సిన్, యూటా పేర్లు చెప్తా ఉంది. కాదన్న పక్షం 2022 పీఆర్సీ (వేతన సవరణ) ఉద్యమాన్ని చూపిస్తా ఉంది. మన టీచర్లకు అలాంటి హక్కు ఒకటి ఉందనుకునే ఇద్దరూ వాదిస్తున్నారు. నిజంగా ఉందా? ఉంటే ఏ చట్టంలో? లేకపోతే 2022లో మంత్రులు సంఘాలతో కూర్చుని చేసిందేమిటి? అమెరికాలో సరిగ్గా ఏం తీసేశారు? నినాదాలు వద్దు. తీర్పులు, నియమాలు, పద్ధతులు తెలిసినవాళ్లు చెప్పండి. సంఘాలంటే గిట్టనివాళ్ల మాట కూడా వినాలనుంది.

రూల్‌బుక్ చిత్తూరు:

మన ప్రభుత్వ టీచర్లకు చట్టం ఇచ్చిన బేరసారాల హక్కు లేదు. సంఘం పెట్టుకునే హక్కు ఉంది, అంతే. రాజ్యాంగం 19(1)(సి) సంఘం పెట్టుకోనిస్తుంది గానీ, ఆ సంఘం బేరమాడి గెలిచే హక్కునూ సమ్మె హక్కునూ అది ఇవ్వదని 1962లో ఆల్ ఇండియా బ్యాంక్ ఎంప్లాయీస్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఏడాది బీహార్ నుంచి వెళ్లిన కామేశ్వర్ ప్రసాద్ కేసులో, శాంతియుత ప్రదర్శనను కూడా మొత్తంగా నిషేధించే నియమం చెల్లదని చెప్పింది. నల్లబ్యాడ్జీలు, భోజన విరామంలో ప్రదర్శనలు ఇవాళ్టికీ నిలబడుతున్నది ఆ తీర్పు నీడనే.

ఫ్యాక్టరీ కార్మికుడికి ఉండే దారి టీచరుకు లేదు. పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం టీచరు 'వర్క్‌మన్' కాదని 1988లో సుందరాంబాళ్ కేసులో తీర్పు వచ్చింది. అంటే కార్మిక శాఖ రాజీ అధికారి దగ్గరికీ లేబర్ కోర్టుకూ పోలేరు. రాష్ట్ర పరిపాలనా ట్రైబ్యునల్ లేకుండా పోయాక సర్వీసు కేసు ఏదైనా నేరుగా హైకోర్టుకే.

సమ్మె సంగతి ఇంకా గట్టిది. 2003లో పొరుగున తమిళనాడు ప్రభుత్వం లక్షన్నరకు పైగా ఉద్యోగులను, టీచర్లను ఒక్క దెబ్బన తీసేసింది. రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు చాలామందిని క్షమాపణ, హామీ పత్రాల మీద తిరిగి చేర్చుకునేలా చూసింది గానీ, ప్రభుత్వ ఉద్యోగికి సమ్మె చేసే హక్కు రాజ్యాంగపరంగా గానీ చట్టపరంగా గానీ నైతికంగా గానీ లేదని రాసేసింది. మన 1964 ప్రవర్తనా నియమావళి సమ్మెనే కాదు, 'అలాంటి పనులను' కూడా నిషేధిస్తుంది. ప్రభుత్వాన్ని లొంగదీయడానికి అనుమతి లేకుండా గైర్హాజరు కావడం, నిరాహార దీక్ష, అందరూ కలిసి జీతం వద్దనడం దాంట్లోకే వస్తాయి. సామూహిక సెలవు పెట్టి "మేం సమ్మె చేయలేదు, సీఎల్ (క్యాజువల్ లీవ్) పెట్టాం" అనే వాదన ఇక్కడే కూలిపోతుంది. మంజూరు కాని సీఎల్ సెలవు కాదు. ఆ రోజు జీతం పోతుంది, తర్వాత సర్వీసులో విరామంగా లెక్కగట్టే ప్రమాదం కూడా ఉంది.

పైన ఎస్మా (అత్యవసర సేవల నిర్వహణ చట్టం) ఉండనే ఉంది, 1971 నాటి రాష్ట్ర చట్టం. 2024 జనవరిలో అంగన్‌వాడీల సమ్మె మీద దాన్ని ప్రయోగించారు, ఆరు నెలలు సమ్మెలు నిషేధిస్తూ. సంఘాల గుర్తింపు 2001 నియమాల కింద ప్రభుత్వం చేతిలో ఉంటుంది. జీతాల సంగతి బయట గట్టిగా మాట్లాడినందుకు 2023లో ఒక ఉద్యోగ సంఘానికి గుర్తింపు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని నోటీసు వచ్చింది. అవతలి పక్షం గుర్తింపు ఇవతలి పక్షం చేతిలో ఉన్న చోట దాన్ని బేరం అనగలమా, మీరే ఆలోచించండి.

2022లో జరిగింది సంప్రదింపు. మధ్యంతర భృతి 27 శాతం ఇస్తూ ఫిట్‌మెంట్ (కొత్త స్కేలులో జీతం పెంపు) 23 శాతమే ప్రకటించారు, ఇంటి అద్దె శ్లాబులు తగ్గించారు. జనవరి 24న సమ్మె నోటీసు, ఫిబ్రవరి 3న చలో విజయవాడ, 5న మంత్రుల కమిటీతో ఒప్పందం. అద్దె శ్లాబులు కొంత సవరించారు, ఫిట్‌మెంట్ మారలేదు. టీచర్ల సంఘాలు ఒప్పుకోలేదు. ఇక్కడ పట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. ఎవరి తరఫున ఎవరు సంతకం చేయవచ్చో తేల్చే పద్ధతే మనకు లేదు. ఉద్యోగుల్లో పెద్ద వర్గమైన టీచర్లు కాదన్నా ఒప్పందం నడిచిపోయింది. పైగా అది మినిట్స్ (సమావేశంలో అనుకున్నవి రాసుకున్న కాగితం) మాత్రమే. జీవో వచ్చేదాకా దానికి బలం లేదు, జీవో ఇవ్వలేదని కోర్టుకు పోయి అమలు చేయించుకోగలిగే కాగితం కాదది.

మిల్వాకీలో పుత్తూరువాసి:

అమెరికా సంగతి నేను రాస్తాను. అక్కడ రాష్ట్రానికో చట్టం. ప్రభుత్వోద్యోగులకు బేరసారాలు అనుమతించిన మొదటి రాష్ట్రం విస్కాన్సినే, 1959లో. 2011లో గవర్నర్ స్కాట్ వాకర్ తెచ్చిన యాక్ట్ 10 దాన్ని చాలా సన్నం చేసింది. బేరం మూల జీతం మీద మాత్రమే. అది కూడా ధరల సూచీ పెరిగినంత వరకే. అంతకు మించి కావాలంటే ఓటర్ల రెఫరెండం. ఒప్పందం ఏడాదికి మించి ఉండకూడదు. చందా జీతంలోంచి కోయకూడదు. ఆరోగ్య బీమా, సెలవులు, తరగతిలో పిల్లల సంఖ్య, బదిలీలు, అన్నీ బేరం బయటికి పోయాయి. పోలీసులకు, అగ్నిమాపక సిబ్బందికి మినహాయింపు ఇచ్చారు. చట్టం మీద ఇప్పటికీ నడుస్తున్న పెద్ద అభ్యంతరం అదే. 2024 డిసెంబరులో డేన్ కౌంటీ జడ్జి చాలా భాగాలను కొట్టేశారు గానీ, అప్పీలులో ఆ తీర్పు అమలు ఆగింది.

చాలామంది పట్టించుకోని భాగం ఏటా జరిగే మళ్లీ-గుర్తింపు ఓటు, అంటే ఆ సంఘమే ఉద్యోగుల ప్రతినిధిగా కొనసాగాలా అన్న ఓటు. గెలవాలంటే వేసిన ఓట్లలో 51 శాతం చాలదు, యూనిట్‌లోని మొత్తం ఉద్యోగుల్లో 51 శాతం కావాలి. 100 మంది ఉన్న చోట 60 మంది ఓటేసి, 50 మంది అవునంటే సంఘం ఓడిపోయినట్టే. రానివాళ్లందరూ వద్దన్నట్టు లెక్క.

దీని ఫలితం అటు పక్షం, ఇటు పక్షం చెప్పేంత సూటిగా లేదు. జీతాల స్కేలు తప్పనిసరి కాకపోయేసరికి కొన్ని జిల్లాలు మంచి టీచర్లకు ఎక్కువిచ్చి లాక్కున్నాయి, అక్కడ బోధన నాణ్యత మెరుగైందని యేల్ ఆర్థికవేత్త బార్బరా బియాసి పరిశోధన చూపింది. ఆమే మరో పరిశోధకురాలితో కలిసి చేసిన ఇంకో అధ్యయనంలో, ఎవరి జీతం వాళ్లు మాట్లాడుకునే చోట అంతే అర్హత ఉన్న మహిళా టీచర్ల జీతం పురుషుల కన్నా వెనకబడిందని తేలింది. మన ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) స్కేలులో ఆడ, మగ తేడా రాదు. దాన్ని తక్కువగా చూడొద్దు.

యూటా కథ చిన్నది. 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వోద్యోగుల బేరసారాలనే నిషేధించారు, ఈసారి పోలీసులను కూడా కలిపి. సంఘాలు రెఫరెండం కోసం 3 లక్షలకు పైగా సంతకాలు సేకరించాయి, కావాల్సింది సుమారు 1.4 లక్షలు. చట్టం అమల్లోకి రాకుండానే ఆగింది, అదే ఏడాది డిసెంబరులో శాసనసభే రద్దు చేసుకుంది. ఒహాయోలో 2011లోనే ఓటర్లు 60 శాతానికి పైగా ఓట్లతో ఇలాంటి చట్టాన్ని తిప్పికొట్టారు.

మన పరిస్థితికి దగ్గరిది ఈ మూడూ కాదు, నార్త్ కరోలినా. అక్కడ ప్రభుత్వోద్యోగుల సంఘంతో చేసుకున్న ఒప్పందమే చెల్లదని 1959 చట్టం. సంఘాలున్నాయి, ఊరేగింపులున్నాయి, ఒప్పందం లేదు. మీ చర్చాంశం విస్కాన్సిన్ ప్రశ్నను నార్త్ కరోలినా లాంటి చోట అడుగుతా ఉంది.

రేణిగుంట ఎస్ఎంసీ:

రూల్‌బుక్ సార్, హక్కు కాగితం మీద లేకపోవచ్చు, పట్టు మాత్రం ఉంది. శాసనమండలిలో పన్నెండో వంతు సీట్లు టీచర్ల ఓట్లతో నిండుతాయి, 58లో 5. ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు కలిపి తూర్పు రాయలసీమ ఉపాధ్యాయ నియోజకవర్గం. ఏ ఇతర ఉద్యోగ వర్గానికీ ఇది లేదు. తల్లిదండ్రులకూ లేదు.

నా వాదన జీతాల మీద కాదు. జీతం ఎంతైనా బేరమాడుకోండి. బడి వేళలు, హేతుబద్ధీకరణ (పిల్లల సంఖ్యను బట్టి టీచర్ల పోస్టులు సర్దడం), విద్యా సంవత్సరం మధ్యలో సర్దుబాట్లు, హాజరు యాప్‌లు లాంటివి మాట్లాడేటప్పుడు బల్ల దగ్గర రెండు పక్షాలే ఉంటాయి, అధికారులు, సంఘాలు. విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో (ఎస్ఎంసీ) నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. ఆ కమిటీని ఒక్కసారైనా పిలిచారా? ప్రాథమిక తరగతులకు ఏటా 200 రోజులు, 6 నుంచి 8 తరగతులకు 220 రోజులు బడి నడవాలని అదే చట్టం షెడ్యూలు చెబుతుంది. టీచరుకు వారానికి 45 గంటలు, పాఠం తయారీ సమయం కలిపి. ఈ లెక్కలను తగ్గించే దేన్నీ బేరంలోకి తేకూడదన్నది నేను కోరే హద్దు. ఆ హద్దు పెట్టడానికి సంఘాల నోరు నొక్కాల్సిన పనిలేదు.

రూల్‌బుక్ చిత్తూరు:

ఎస్ఎంసీ మిత్రమా, 200, 220 రోజుల మాట ఒప్పుకుంటాను. అది పిల్లల హక్కు, దాన్ని ఎవరూ బేరానికి పెట్టకూడదు. కానీ అదే చట్టం 27వ సెక్షన్ టీచరును జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే పనికి వాడొద్దంటుంది. సంఘాలు 'యాప్‌ల భారం' అని మాట్లాడేదాంట్లో ఎక్కువ భాగం ఈ సెక్షన్‌ను గుర్తు చేయడమే. మండలి ఓటు సంగతి కూడా పూర్తిగా చెప్పాలి. సెకండరీ స్థాయికి తగ్గని సంస్థలో ఆరేళ్లలో మూడేళ్లు పనిచేసినవాళ్లకే ఆ ఓటు. ప్రాథమిక బడి ఎస్జీటీకి అది లేదు.

సంప్రదింపు బాగా నడిస్తే ఏం వస్తుందో బదిలీలు చూపిస్తాయి. ఏళ్ల తరబడి ఒక్కో ఏడు ఒక్కో జీవో, కోర్టు స్టేలు, సిఫారసు ఉత్తరాలు. 2025లో బదిలీల నియంత్రణకు చట్టమే చేశారు. టీచరుకు ఒక చోట 8 ఏళ్లు, ప్రధానోపాధ్యాయుడికి 5 ఏళ్లు నిండితే కదలాల్సిందే. స్టేషన్ పాయింట్లు (పనిచేసిన చోటును బట్టి ఇచ్చేవి), కౌన్సెలింగ్ అంతా రాతపూర్వకం. టీచరుకు ఇది మేలు, బడికీ మేలే. ఇంకో స్థానిక చిక్కు: తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడినా టీచర్ల సీనియారిటీకి, బదిలీలకు ఉమ్మడి జిల్లాలే యూనిట్. చంద్రగిరి టీచరు ఉమ్మడి చిత్తూరు జాబితాలో, సూళ్లూరుపేట టీచరు నెల్లూరు జాబితాలో. తిరుపతి డీఈవోకు వినతిపత్రం ఇచ్చి వచ్చేసి, సీనియారిటీ జాబితా ఉండే కార్యాలయంలో ఇవ్వకపోతే ఆ కాగితం కదలదు. అభ్యంతరాల గడువు దాటాక తెలిసి ప్రయోజనం ఉండదు. రెండు చోట్లా ఇచ్చి రెండు రసీదులూ తీసుకోవాలి.

నాకు కావాల్సిన మార్పు ఒకటే. సమ్మె వద్దంటే మధ్యవర్తిత్వం ఇవ్వాలి. కేంద్ర ఉద్యోగులకు 1966 నుంచి ఉమ్మడి సంప్రదింపుల యంత్రాంగం ఉంది. అక్కడ జీతభత్యాలు, వారం పని గంటలు, సెలవుల మీద రాజీ కుదరకపోతే మధ్యవర్తి బోర్డుకు వెళ్తుంది. ఆ బోర్డు తీర్పుకు ప్రభుత్వం కట్టుబడాలి, పార్లమెంటు మాత్రమే మార్చగలదు. మన రాష్ట్రంలో జాయింట్ స్టాఫ్ కౌన్సిల్ ఉంది, కానీ అక్కడ మాట కుదరకపోతే ఆ మాట అక్కడే ఆగిపోతుంది.

వంటషెడ్డు పక్షం:

అంశంలో 'పాఠశాలల ఉద్యోగులు' అని ఉంది, మీరందరూ టీచర్ల దగ్గరే ఆగిపోయారు. మధ్యాహ్న భోజనం వండేవాళ్లు, మరుగుదొడ్లు కడిగే ఆయాలు, కేజీబీవీ (కస్తూర్బా బాలికల విద్యాలయం) కాంట్రాక్టు సిబ్బంది కూడా బడిలోనే పనిచేస్తున్నారు. వంటవాళ్లకు ఇచ్చేది గౌరవ వేతనం, మన రాష్ట్రంలో 2019 నుంచి నెలకు 3,000. పథకం లెక్క ప్రకారం 25 మంది పిల్లల దాకా ఒకరు, 100 మంది దాకా ఇద్దరు, తర్వాత ప్రతి 100 మందికి ఇంకొకరు. హాజరు 26 నుంచి 25కు పడితే ఒకరి పని పోతుంది. అది ఏ బేరంలోనూ చర్చకు రాదు. ఆమె ఉద్యోగి కాదు కాబట్టి జాయింట్ కౌన్సిల్‌లో చోటు లేదు. కార్మికురాలిగా లెక్కించరు కాబట్టి కనీస వేతనం అడిగినా 'స్వచ్ఛంద సేవ' అంటారు. సమ్మె చేస్తే మాత్రం వేరే ఏజెన్సీకి ఇస్తామని వెంటనే మాటొస్తుంది. 'పరిమితం చేయాలా' అనే ప్రశ్న ఆమె ముందు పెట్టడం అన్యాయం.

చంద్రగిరి చదువరి:

అందరికీ దండాలు. అంశాన్నే మార్చమని నిర్వాహకులను అడగాలనుకుంటున్నా. ఎట్లా రాస్తే బాగుంటాది?

రూల్‌బుక్ చిత్తూరు:

ఇలా రాసివ్వండి: "సమ్మె నిషేధం ఉన్న రాష్ట్రంలో పాఠశాల ఉద్యోగులందరికీ, వంటవాళ్లు, ఆయాలతో సహా, గడువులతో కూడిన సంప్రదింపులనూ మధ్యవర్తిత్వాన్నీ చట్టం ద్వారా ఇవ్వాలి, బడి పనిదినాలు బేరం బయట ఉండాలి." రెండో సగం రేణిగుంట మిత్రుడిది, తీసేయొద్దు. వ్యతిరేక పక్షానికి కూడా ఇందులో గట్టి వాదనలు దొరుకుతాయి: ఎన్నిక కాని మధ్యవర్తి రాష్ట్ర ఖజానాను కట్టిపడేయొచ్చా, అన్ని సంఘాల మధ్య ప్రతినిధి ఎవరో రహస్య ఓటుతో తేల్చాలా, తేలిస్తే మెజారిటీ వేసిన ఓట్లలోనా, మొత్తం ఉద్యోగుల్లోనా. చివరిదానికి పుత్తూరు అన్న రాసిన 100 మంది, 60 ఓట్ల లెక్కను బోర్డు మీద వేసి చూపించండి.