ఆకలి తీర్చవలసింది దాతా, ప్రభుత్వమా?

లంకవాసి: ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజన పథకానికి 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వచ్చేపోయే బాటసారులకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టి, 1909లో కన్నుమూసిన ఆ ఇల్లాలు ఏ సర్కారు సాయం కోసమూ చూడలేదు. సొంత పొలం పంటతో ఆమె చేసినదానికీ, పన్నుల సొమ్ముతో నడిచేదానికీ ఒకే పేరు ఎలా అతుకుతుందని నా సందేహం. ఆదుకునే పనంతా ప్రభుత్వానికి వదిలేస్తే పెట్టే గుణమే మనలో అడుగంటిపోదా?

బడిపంతులు: లంకవాసి గారూ, సీతమ్మ గారి గొప్పతనం గురించి పేచీ లేదు. అయితే ఆమె ఇల్లు గన్నవరంలో ఉంది కాబట్టి ఆ దారిన వెళ్లినవారి ఆకలి తీరింది. ఆమె కాలంలోనే, 1876-78 కరవులో, మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది చనిపోయారు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అల్లాడిపోయాయి. అక్కడ ధర్మాత్ములు లేరని అనలేము, కాని సీమంతా ఎండినప్పుడు దాత గాదె కూడా ఖాళీ అవుతుంది. ఆ కరవులో కంపెనీ వారసులైన తెల్లదొరలు కూడా సాయం చేశారు: రోజంతా మట్టి మోసిన మగమనిషికి ఒక పౌను ధాన్యం, అంటే అర కిలోకన్నా తక్కువ, దానిపై ఒక అణా. ఇదేమని అడగడానికి ఆ కూలీకి నోరు లేదు.

కాబట్టి పెట్టేది ఎవరన్నదానికన్నా, పెట్టకపోతే అడిగే వీలుందా అన్నదే నాకు ముఖ్యంగా తోస్తుంది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకు వండిన భోజనం, కనీసం 300 క్యాలరీలతో, ఏడాదికి 200 రోజులైనా పెట్టి తీరాలని ఆదేశించింది. అందువల్లనే ఈరోజు ఒక తల్లి బడికి వచ్చి "మా వాడికి గుడ్డు ఎందుకు వేయలేదు?" అని హెడ్మాస్టరును నిలదీయగలుగుతున్నది. అన్నదాన సత్రంలో అదే తల్లి వడ్డించినది కళ్లకద్దుకొని తిని వెళ్లవలసిందే.

లంకవాసి: హక్కు కాగితం మీద బాగుంటుంది. కార్డు ఉన్నా ఈ-పోస్ యంత్రంలో వేలిముద్ర పడని ముసలమ్మకు డీలరు బియ్యం ఇవ్వకపోతే, ఆ పూట ఆమెకు అన్నం పెట్టేది పక్కింటివారే. 2020 లాక్‌డౌన్‌లో జాతీయ రహదారి మీద కాలినడకన ఒడిశా వైపు వెళ్లిన కూలీలకు ఊళ్లవాళ్లు పులిహోర పొట్లాలు, మంచినీళ్లు ఇచ్చింది ఏ జీవో చూసి? పైగా 2018లో తెరిచిన అన్న క్యాంటీన్లు 2019లో ప్రభుత్వం మారగానే మూతబడి, మళ్లీ 2024లో ఇంకో ప్రభుత్వం వచ్చాక తెరుచుకున్నాయి. ఆ నడుమ అయిదు రూపాయల భోజనానికి అలవాటుపడిన రిక్షా కార్మికుడు ఎవరిని నిలదీయాలి? మీ బడినే తీసుకోండి. బిల్లులు ఆలస్యమై కిరాణా కొట్లో అరువు పెట్టి వండే వంట ఏజెన్సీ మహిళలకు దాతలు ముందుగా సొమ్ము సర్దితే తప్పేమిటి?

బడిపంతులు: క్యాంటీన్ల విషయంలో మీరన్నది ఒప్పుకుంటాను, చట్టం అండ లేని పథకం ఎప్పుడైనా దయాధర్మమే, ప్రభుత్వం పెట్టినా సరే. రహదారి మీద పొట్లాలు పంచినవారి ముందు వాదనే లేదు. వంట ఏజెన్సీల అప్పు దగ్గర మాత్రం ఒప్పుకోలేను. దాత ఆ అప్పు తీరిస్తే ఈ నెల పొయ్యి ఆరదు, నిజమే. కాని బిల్లు ఇవ్వకపోయినా వంట ఆగదని తెలిసిన కార్యాలయంలో ఆ ఫైలు ఇంకా అడుగుకు పోతుంది, వచ్చే నెల దాత కోసం ఆ మహిళలే మళ్లీ ఎదురుచూడాలి. బడికి ఇవ్వాలనుకునేవారు వానకు తడవని వంటషెడ్డు కట్టించవచ్చు, కంచాలు, మంచినీటి ఫిల్టరు కొనివ్వవచ్చు. బిల్లు బాకీని మాత్రం తల్లిదండ్రుల కమిటీ తీర్మానంలో రాయించి, మండల విద్యాధికారి చేత సంతకం చేయించి, వచ్చేదాకా అడుగుతూనే ఉండాలి.