ప్రతి క్లాసుకీ టూస్ట్రింగ్ రాయాల్సిందేనా?

నైట్‌షిఫ్ట్ నాని: టూస్ట్రింగ్ అంటే ఆబ్జెక్టులో ఏముందో అక్షరాల్లో చూపించే మెథడ్. మా జావా ప్రాజెక్టులో దాన్ని తనే రాసిపెట్టే లాంబాక్ లైబ్రరీ యానొటేషన్లన్నీ సీనియర్ ఒకాయన పీకేయించారు. ఇప్పుడు ఆర్డర్ ఫెయిలైతే లాగ్‌లో క్లాసు పేరు, @ గుర్తు, పక్కన మెమరీ అడ్రస్. అంతే. ప్రతి క్లాసుకీ టూస్ట్రింగ్ ఉండి తీరాలి అంటాను. మీరేమంటారు?

కంపైలర్ కాంతారావు: అది మెమరీ అడ్రస్ కాదు. హెక్స్‌లో రాసిన హ్యాష్‌కోడ్, అంటే ఆబ్జెక్టుకి జావా లెక్కగట్టే ఒక అంకె.

నైట్‌షిఫ్ట్ నాని: సరే, హ్యాష్‌కోడే. దాన్నిబట్టి ఆర్డర్ నంబరు తెలుస్తుందా?

కంపైలర్ కాంతారావు: తెలియదు. కానీ హ్యాష్‌కోడ్‌ను ఓవర్‌రైడ్ చేసి (మనమే తిరిగి రాసి) ఉంటే రెండు వేర్వేరు ఆబ్జెక్టులకు ఒకే అంకె రావచ్చు. అడ్రస్ అనుకుని వెతికితే రాత్రంతా వెతకాలి.

మీ సీనియర్ చేసింది రైటే. లాంబాక్‌ను దాని మానాన వదిలేస్తే ఉన్న ఫీల్డులన్నీ కలిపేస్తుంది. ఆర్డర్‌లో ఐటమ్స్, ఐటమ్‌లో మళ్ళీ ఆర్డర్ ఉంటే ఒకదాన్నొకటి ఆగకుండా పిలుచుకుంటూ స్టాక్ ఓవర్‌ఫ్లో ఎర్రర్ వస్తుంది. జావా ఆబ్జెక్టుల్ని డేటాబేసుకి కలిపే హైబర్నేట్‌లో లేజీ కలెక్షన్ (అడిగినప్పుడే తెచ్చే జాబితా) ఉంటే ఒక్క లాగ్ లైను కోసం డేటాబేసు దాకా పోతుంది, సెషన్ మూసేసి ఉంటే ఎక్సెప్షన్ కొడుతుంది. నేను పనిచేసిన ఒకచోట కస్టమర్ల ఫోన్ నంబర్లు ఇలాగే లాగ్‌లోకి ఎక్కాయి. ఆడిట్‌లో తిట్లు తిన్నది మేము. యానొటేషన్ పెట్టినాయన అప్పటికే కంపెనీ మారాడు.

పైథాన్ పద్మ: పైథాన్‌లో ఈ గొడవే లేదు. ఆబ్జెక్టుని అక్షరాల్లో చూపించడానికి రెండున్నాయి: రెప్ర్ కోడ్ రాసే మనకి, స్ట్ర్ ప్రోగ్రాం వాడేవాళ్ళకి.

కంపైలర్ కాంతారావు: పద్మగారూ, లిస్టును ప్రింట్ చేసి చూడండి. లోపలి వాటికి రెప్రే వస్తుంది. డేటాక్లాస్ (రెప్ర్ దానంతటదే వచ్చే క్లాసు) కూడా మీరు వద్దన్న ఫీల్డు తప్ప అన్నీ చూపిస్తుంది.

రస్ట్ రాము: రస్ట్‌లో మనకి చూపించే డీబగ్‌ని డిరైవ్ చేసుకోవచ్చు (కంపైలరే రాస్తుంది), వాడేవాళ్ళకి చూపించే డిస్‌ప్లే మాత్రం మనమే రాయాలి. చెప్పి పోదామని వచ్చా.

ఫ్రెషర్ 99: జావా 16 రికార్డులు వాడొచ్చుగా? వాటికి టూస్ట్రింగ్ దానంతటదే వస్తుంది.

కంపైలర్ కాంతారావు: అవీ అన్ని కాంపొనెంట్లూ (లోపలి ఫీల్డులూ) ప్రింట్ చేస్తాయి. పైగా హైబర్నేట్ ఎంటిటీగా (డేటాబేసు టేబుల్‌కి జతచేసే క్లాసుగా) పనికిరావు.

నైట్‌షిఫ్ట్ నాని: కాంతారావుగారూ, చూపించకూడని ఫీల్డుకి ఎక్స్‌క్లూడ్ పెడితే పోయేదిగా?

కంపైలర్ కాంతారావు: రేపు ఇంకొకడు కొత్త ఫీల్డు కలిపితే వాడికి గుర్తుండాలిగా. అందుకే తిరగేసి పెట్టాలి, మనం చెప్పినవి మాత్రమే చూపించేలా. లాంబాక్‌లో ఆ ఆప్షన్ ఉంది. లేదా లాగ్ లైనులోనే ఆర్డర్ ఐడీ విడిగా రాయండి. ఇంత చిన్నదానికి ఇంత రచ్చా?

నైట్‌షిఫ్ట్ నాని: చిన్నదా? రాత్రి రెండింటికి ఫోన్ మీకు రాదు కాబట్టి చిన్నదే. నేను సపోర్ట్‌లో ఉన్నాను. కోడ్ ముట్టుకునే పర్మిషన్ నాకు లేదు. లాగ్ లైను మార్చమని టికెట్ వేస్తే ‘లో ప్రయారిటీ’ అని మూసేస్తారు. క్లాసు రాసేది ఒకరు, లాగ్ చదివి చచ్చేది ఇంకొకరు.

పైథాన్ పద్మ: ఇది ముందే చెప్పొచ్చుగా నానీ!

కంపైలర్ కాంతారావు: అయితే అది మీ మేనేజరుతో తేల్చుకోవాలి. టూస్ట్రింగ్ ఏం చేసింది పాపం?

నైట్‌షిఫ్ట్ నాని: తేల్చుకుంటాను. క్లాసు రాసినవాళ్ళ పేర్లు కూడా ఆన్‌కాల్ లిస్టులో ఉండాలని అడుగుతాను.

కంపైలర్ కాంతారావు: అది మాత్రం ఒప్పుకోను. డెవలపర్‌ని రాత్రంతా కూర్చోబెడితే పొద్దున కోడ్ ఎవరు రాస్తారు?

నైట్‌షిఫ్ట్ నాని: నేను రాస్తాను. పర్మిషన్ ఇప్పించండి.