అమ్మ ఇన్సులిన్ మానేసింది, దేవుడే చూసుకుంటాడంటోంది

మా అమ్మకు షుగర్. కుడికాలి బొటనవేలి పుండు మానడం లేదు, పరగడుపున 260 చూపిస్తోంది. పోయిన ఆదివారం నుంచి ఇన్సులిన్ మానేసి ఉపవాస ప్రార్థనలో ఉంది. బైబిల్లో ఆసా రాజు పాదాల జబ్బుతో దేవుణ్ణి వదిలి వైద్యులను ఆశ్రయించాడు (2 దినవృత్తాంతములు 16:12), నేను అలా చేయనంటుంది. దేవుడు హిజ్కియా రాజు ప్రార్థన విన్నాక కూడా పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడు కదా యెషయా ప్రవక్త (యెషయా 38:21) అని చూపించాను. "అది ప్రవక్త చెప్పిన మందు, ఇది డాక్టరు రాసింది" అంది. గట్టి మనిషిలెండి. పాస్టరుగారి మాటా వినలేదు. కాలు తీసేయాల్సి వస్తుందని డాక్టరు భయపెడితే ఇంకా బిగుసుకుంది.

ఇలాంటి పెద్దవాళ్లను, వాళ్ల విశ్వాసాన్ని నొప్పించకుండా మళ్లీ మందులు వాడేలా చేసినవాళ్లు ఉంటే, ఏం చెప్పి ఒప్పించారు?