చదివిన వాక్యాన్ని జీవితానికి అన్వయించుకోవడం ఎలా? దయచేసి సహాయం చేయండి

నెల్లూరు సహోదరి:
అందరికీ వందనాలు. రాత్రి భోజనాలు అయినప్పటి నుండి బైబిలులో ఒకే అధ్యాయం ముందు కూర్చున్నాను. ఇప్పుడు అర్ధరాత్రి దాటింది. నోటు పుస్తకంలో గమనించినది, అర్థం, అన్వయం అని మూడు గడులు గీసుకొన్నాను. మొదటి రెండూ నిండాయి కానీ మూడవది ఖాళీగానే ఉంది. ఒక వచనం హృదయాన్ని పట్టుకొంటుంది, దాని పక్క వచనమే నేను ఎన్నటికీ పాటించలేనిదిగా కనబడుతుంది. దేవుని మాటలో నాకు నచ్చినది ఏరుకొని మిగిలినది వదిలేసే హక్కు నాకు లేదు. అలాగని అన్నీ అక్షరాలా పాటిస్తే నా జీవనాధారమే పోతుంది. మీరు దీన్ని ఎలా తేల్చుకొంటారు?

కావలి విశ్వాసి:
ఏ అధ్యాయం?

అచ్చు ప్రతి:
సహోదరీ, ముందుగా ఫోనులో చదవడం మానండి. తెర మీద ఒక్కొక్క వచనం విడిగా కనబడుతుంది గనుక మన ఆలోచన కూడా ముక్కలవుతుంది. అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో స్టీఫెన్ లాంగ్టన్ చేసినది. కొత్త నిబంధనలో నేడు మనం వాడే వచన సంఖ్యలు 1551లో రాబర్ట్ ఎస్తియెన్ ముద్రించిన ప్రతిలో వచ్చాయి. మోషే గాని పౌలు గాని అంకెలు వేసి వ్రాయలేదు. అంకెలను మరచి ఒక భాగాన్ని మొదటి నుండి చివరి వరకు బిగ్గరగా చదవడం అలవాటు చేసుకొంటే, సగం సందేహాలు పుట్టనే పుట్టవు. ఏడాదిలో 1189 అధ్యాయాలు ముగించాలన్న తొందర కూడా మంచిది కాదని నా దృఢమైన అభిప్రాయం.

నెల్లూరు సహోదరి:
నేను అచ్చు బైబిలులోనే చదువుతున్నానండి. లేవీయకాండము 19. "నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను" అన్న వెంటనే, రెండు రకాలు కలిసిన బట్ట వేసుకోకూడదని ఉంది.

సండే స్కూల్ టీచర్:
ఇది చాలా సులభమైన విషయం. మోషే ధర్మశాస్త్రంలో నైతిక విధులు, ఆచార విధులు, న్యాయ విధులు అని మూడు ఉన్నాయి. నైతిక విధి మనకు నేటికీ వర్తిస్తుంది, ఆచార విధి క్రీస్తులో నెరవేరింది. బట్టల సంగతి ఆచార విధి గనుక దాన్ని వదిలేయవచ్చు.

ఒంగోలు పాఠకుడు:
టీచర్‌గారూ, ఆ మూడు పేర్లు బైబిలులో ఎక్కడా లేవు. థామస్ అక్వినాస్ వంటి వేదాంతులు బోధన కోసం చేసుకొన్న విభజన అది. ఈ అధ్యాయంలో పొరుగువాని ప్రేమ, సరైన తూనికలు, సమాధానబలి మాంసాన్ని ఎన్ని దినాలలో తినాలన్న నియమం ఒకదాని వెనుక ఒకటిగా వస్తాయి. ఏది ఏ గడిలో పడుతుందో మొదటిసారి చదివేవారు ఎలా నిర్ణయిస్తారు?

సండే స్కూల్ టీచర్:
పేరు లేకపోయినా భేదం ఉంది. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో అన్యజనుల నుండి, అంటే యూదులు కానివారి నుండి వచ్చిన విశ్వాసుల మీద ధర్మశాస్త్ర భారమంతా మోపకూడదని యెరూషలేములో తీర్మానించారు. లేవీయకాండములోని ఆ ప్రేమ ఆజ్ఞనే యేసు ప్రభువు మత్తయి 22లో రెండవ ముఖ్యమైన ఆజ్ఞగా చెప్పాడు. కొత్త నిబంధన ఒక మాటను ఎలా తీసుకొన్నదో చూడటమే నేను చెప్పే పద్ధతి. "ఆచార విధి" అన్న పేరు మీకు నచ్చకపోతే విడిచిపెట్టండి.

ఒంగోలు పాఠకుడు:
ఆ పద్ధతితో నాకు పేచీ లేదు. అయితే వదిలేసే ముందు, ఆ మాట మొదట విన్నవారికి ఏమి చెప్పిందో అడగాలి.

నెల్లూరు సహోదరి:
నాకు టైలరింగ్ షాపు ఉంది. కాటన్, పాలిస్టర్ కలిసిన బట్టే ఎక్కువగా వస్తుంది. అందుకే అడిగాను.

కావలి విశ్వాసి:
అది ముందే చెప్పవలసింది. ద్వితీయోపదేశకాండము 22:11 చూడండి. ఉన్ని, నార కలిపి నేసిన బట్ట గురించే ఆ మాట.

ఒంగోలు పాఠకుడు:
అవును, ఆచారనిష్ఠ గల యూదులు నేటికీ ఆ రెండింటి కలయికనే విడిచిపెడతారు. కాబట్టి సహోదరీ, మీ జీవనాధారానికి ఈ వచనం వల్ల ప్రమాదం లేదు. మీ షాపు కోసం ఈ అధ్యాయంలో వెదకవలసిన మాట 13వ వచనంలో ఉంది: "కూలివాని కూలి మరునాటి వరకు నీయొద్ద ఉంచుకొనకూడదు." ద్వితీయోపదేశకాండము 24:15 దానికి కారణం కూడా చెబుతుంది; కూలివాడు బీదవాడు గనుక దాని మీద ఆశ పెట్టుకొని ఉంటాడు. యాకోబు పత్రిక 5:4లో, పొలం కోసినవారికి ఇవ్వక బిగపట్టిన కూలి మొరపెడుతుంది. ఒకే మాట ఇన్ని చోట్ల వినిపించినప్పుడు, "నేను ప్రేమగా ఉండాలి" అని వ్రాసుకొని ఆగిపోకూడదు. ఎవరికి, ఎంత, ఏ రోజున అన్నది మీ మూడవ గడిలో ఉండాలి.

నెల్లూరు సహోదరి:
మా దగ్గర కుట్టేవారికి శనివారం ఇస్తాను, అది ముందుగా మాట్లాడుకొన్నదే. పండుగ ఆర్డర్ల డబ్బు రావడం ఆలస్యమైతే మాత్రం సోమవారం అవుతుంది. అది కూడా ఈ వచనం కిందికి వస్తుందా?

సండే స్కూల్ టీచర్:
ఒప్పుకొన్న రోజున ఇస్తే అది బిగపట్టడం కాదు.

ఒంగోలు పాఠకుడు:
శనివారం వరకు అది ఒప్పందమే. ఆదివారం ఆ ఇంట్లో బియ్యం ఉన్నాయో లేవో వారినే అడగండి.

అచ్చు ప్రతి:
ఆ అధ్యాయాన్ని ఒకసారి బిగ్గరగా చదవండి, సహోదరీ.

నెల్లూరు సహోదరి:
సరేనండి, వందనాలు. ఉదయం షాపు తెరవాలి.